ఫోర్కు మా వదిన పేరున ఉంది

ఆఫీసులో మా వదినను అందరూ అత్తగారు అంటారు. నాకు ఇంట్లో ఉన్న అసలు అత్తగారు వెన్నముద్ద. చక్రాల కుర్చీలో కూర్చుని రోజంతా రేడియో వింటూ, నేను కూరలో ఉప్పు వేయడం మరిచిపోయినా "బాగుందమ్మా" అని తినేసే మనిషి. ఆవిడ పెద్దకూతురు, అంటే మా ఆయనకు అక్క, మాత్రం ముక్కు మీద కోపంతోనే పుట్టింది. ఇదెలా జరిగిందని మా ఆయన్ని అడిగితే, "నాకేం తెలుసు, నేను పుట్టేసరికే అది అలా ఉంది" అంటాడు.

వదిన పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వచ్చినవాళ్లలో ఒక్కడూ నా చెకింగు దాటలేదు" అంటుంది. నవ్వుతూ అనదు సుమా, నిజంగానే అంటుంది.

మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేస్తాం. చక్రాల కుర్చీలు, ఆసుపత్రి ట్రాలీలు, మంచాలు చేసే కంపెనీ. నేను కుర్చీలు డిజైన్ చేస్తాను. ఇరుగుపొరుగు నా పని ఏంటని అడిగితే చెప్పడం తేలిక. వదిన పని చెప్పడమే కష్టం. మా అత్తయ్య మాత్రం "కంప్యూటర్లో తాళాలు వేస్తుంది" అని తేల్చేస్తుంది. ఆలోచిస్తే అంతకంటే బాగా చెప్పడం నా వల్ల కూడా కాదు.

మేం గీసిన బొమ్మలన్నీ కంప్యూటర్లో ఒక్కచోట ఉంటాయి. దాన్ని వాల్టు అంటాం. అందులోంచి ఏ భాగం బొమ్మనైనా మార్చాలంటే ముందు చెకౌట్ చేసుకోవాలి. గ్రంథాలయంలో పుస్తకం మన పేరున రాయించుకున్నట్టన్నమాట. అది మన పేరున ఉన్నంతకాలం మిగతావాళ్లు చూసుకోవచ్చు గానీ ఒక్క గీత కదపలేరు. మన పని అయ్యాక చెకిన్ చేస్తే, చూడాల్సినవాళ్లు చూసి సరేనన్నాక అది ఫ్యాక్టరీకి పోతుంది. ఆ గుమ్మంలో కూర్చునేది మా వదిన. ఆవిడ సరే అననిదే ఏ బొమ్మా గడప దాటదు.

వాల్టు రాకముందు అందరికీ కలిపి ఒకే ఫోల్డరు ఉండేది. అందులో "ఫైనల్" అని ఒకటి, "ఫైనల్ కొత్తది" అని ఒకటి, "ఇదే ఫైనల్, ముట్టుకోవద్దు" అని ఒకటి. ఆ ముట్టుకోవద్దన్నదాన్నే ముందుగా అందరూ ముట్టుకునేవాళ్లు. వదిన అప్పుడు ప్రింట్లు తీసిచ్చే గదిలో ఉండేది. ఎవరో పాత బొమ్మ పంపితే, ఆ ప్రింటు పట్టుకుని ఫ్యాక్టరీవాళ్లు వచ్చి ఈవిడ మీద అరిచేవాళ్లు. చివరికి కంపెనీవాళ్లు వాల్టు తెచ్చి, దీన్ని ఎవరు చూసుకుంటారని అడిగితే గదిలో ఒక్కరూ తలెత్తలేదట. అందరికీ శత్రువయ్యే ఉద్యోగం ఎవరిక్కావాలి? వదిన చెయ్యెత్తింది. "ఎలాగూ తిట్లు తింటున్నాను. తాళం నా దగ్గరుంటే కనీసం నేనూ తిట్టొచ్చు" అందట.

ఆ మాట నిలబెట్టుకుంది. ఎవరైనా ఫైలు చెకౌట్ చేసి మరిచిపోతే వాళ్ల బల్ల పక్కకొచ్చి నిలబడి, "ఏంటి బాబూ, పొదుగుతున్నావా?" అనేది. కంపెనీలో చేరిన కొత్తలో నేను ఒక బొమ్మ కాపీ తీసి నా కంప్యూటర్లో విడిగా పెట్టుకుంటే, గదిలో అందరి ముందూ దాన్ని తీసేయించింది. ఇంటికొచ్చాక నేను మొహం మాడ్చుకుని, "అత్తయ్యా, మంచినీళ్ల జగ్గు ఇటు జరపమని చెప్పండి మీ అమ్మాయికి" అన్నాను. "చేతులు లేవా అని అడుగమ్మా నీ కోడల్ని" అని ఆవిడ. పాపం మా అత్తయ్య ఆ జగ్గు తనే అందించి, రేడియో గొంతు పెంచింది.

ఇలా సాగుతుండగా మాకు కొత్త డిజైన్ హెడ్డు వచ్చాడు. ఆయన అసలు పేరుతో ఎవరికీ పనిలేకుండా పోయింది. ఏ మాట మొదలుపెట్టినా అర్జెంటు, ఏ ఉత్తరం రాసినా అర్జెంటు. అందుకని ఆయన అర్జెంటు గారయ్యాడు. ఆయన నాకు మంచి పనే ఇచ్చాడు, అది ఒప్పుకోవాలి. తేలికైన కుర్చీ ఒకటి, ఒక చేత్తో ఎత్తి కారులో పడేసుకోగలిగేది, మొత్తం నన్నే డిజైన్ చేయమన్నాడు. ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన అవకాశం. తిండీ నిద్రా మాని చేశాను. అంతా అయ్యాక ఒక్క దగ్గర చిక్కొచ్చి పడింది, ముందు చక్రాల ఫోర్కు.

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే ఇనుప కొమ్ముల్లాంటి ముక్క అది. దాని రంధ్రాల్లోంచి ఇరుసు పోతుంది. నా కొత్త కుర్చీకి లావుపాటి ఇరుసు కావాలి, అంటే ఫోర్కులో రంధ్రం పెద్దది చెయ్యాలి. కానీ ఆ ఫోర్కు నా ఒక్క కుర్చీది కాదు. మా పాత కుర్చీలన్నిటికీ, ట్రాలీలకీ కూడా అదే. అందరికీ ఒకే ముక్క, ఒకే నంబరు.

ఇక్కడ మా గదిలో అందరికీ తెలిసిన రూలు ఒకటుంది. ముక్కలో చిన్న మార్పు చేసినా, అది పాతదాని స్థానంలో సరిగ్గా కూర్చుంటే నంబరు అలాగే ఉంచి పక్కన కొత్త అక్షరం పెడతాం. పాతదాని స్థానంలో కూర్చోకపోతే అది వేరే ముక్క. దానికి కొత్త నంబరు ఇచ్చి తీరాలి. రంధ్రం పెద్దదైతే పాత సన్న ఇరుసు అందులో లొడలొడలాడుతుంది. కాబట్టి కొత్త నంబరే. ఇందులో వాదించడానికేమీ లేదు, అర్జెంటు గారికీ తెలుసు. ఆయన బాధల్లా వేరు. మా కుర్చీలు కొనే పెద్ద ఆసుపత్రివాళ్లు పాత నంబర్లన్నీ పరీక్షించి ఒప్పుకున్నారు. కొత్త నంబరంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ నెలలు. కొత్త కుర్చీని చూపించాల్సిన ప్రదర్శన దగ్గరపడుతోంది. పాత నంబరు మీదే అక్షరం మార్చి పంపేద్దామని ఆయన పట్టు.

ఆయన వదిన బల్ల దగ్గరకొచ్చి మెల్లగానే అడిగాడు.

"అమ్మా, ఒక్క ముక్క. ఒక్కసారి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదండీ" అంది వదిన.

"మీకు తెలిస్తే ఏమవుతుంది?"

"నిద్ర పట్టదు. నిద్ర పట్టకపోతే నాకు చిరాకు. నా చిరాకు ఈ గదిలో ఎవరూ భరించలేరు, అడగండి."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అర్జెంటు గారి మొహం కందిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో నేనే మొదలుపెట్టాను. నా కుర్చీ కదా మరి, నాకూ ఆశ ఉండదా? "పోనీ వదినా, ఈ ఒక్కసారికీ" అన్నాను. ఆవిడ లేచి వెళ్లి, మా కంపెనీదే అయిన అత్తయ్య కుర్చీ ముందు కింద కూర్చుని ముందు చక్రం పట్టుకుని ఊపింది.

"ఏంటే, నా చక్రం పీకేస్తున్నావు? నేనెక్కడికీ పారిపోవట్లేదుగా" అంది అత్తయ్య.

"అమ్మా, ఇది పాడైతే ఏం చేస్తావు?"

"నీతో చెప్తాను."

"నేను లేకపోతే?"

"దుకాణానికి ఫోను చేస్తాను. దాని మీద నంబరుంది కదా, అది చదివితే పంపుతారు."

వదిన నావైపు తిరిగింది. "విన్నావుగా? నంబరు చదువుతుంది, పంపుతారు. పెద్ద హోలున్నది వస్తుంది. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, మీ ఆయన బిగించేస్తాడు. నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది. తర్వాత ఏ రోడ్డు దాటుతుంటేనో చక్రం ఊడి, మనిషి ముందుకి బోర్లా పడుతుంది. మా అమ్మ కాకపోతే ఇంకొకరి అమ్మ. ఇప్పుడు చెప్పు, ఈ ఒక్కసారికీ అని."

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఆవిడ మాట నిజమైన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

మర్నాడు పొద్దున వాల్టు తెరిస్తే, ఫోర్కు చెకౌట్‌లో ఉంది. ఎవరి పేరున? మా వదిన పేరున! జన్మలో ఒక్క గీత గీసిన మనిషి కాదు. గదంతా గుసగుసలు. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు కళ్లద్దాలు తుడుచుకుంటోంది. అర్జెంటు గారు పరుగున వచ్చాడు.

"ఫోర్కు ఎందుకు తీశారు?"

"చూసుకోవడానికి."

"ఎన్నాళ్లు చూసుకుంటారు?"

"మీకు ఆ ఆలోచన పోయేదాకా."

"ఇది ఆఫీసు అనుకున్నారా, మీ ఇల్లనుకున్నారా? తాళాలిస్తారా, కుర్చీ ఖాళీ చేస్తారా? తేల్చి చెప్పండి!"

వదిన లేచింది. సంచీ సర్దుకుంది. "కుర్చీ మీది, తీసుకోండి. ఫైలు మాత్రం నా చేత్తో వదలను."

మధ్యాహ్నానికల్లా ఆవిడను కింద ప్యాకింగ్ విభాగానికి పంపేశారు. వాల్టు హక్కులు తీసి, కంపెనీలో నెట్‌వర్కు చూసే ఆయనకిచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి. అర్జెంటు గారు చెప్పగానే వదిన చెకౌట్‌ను రద్దు చేశాడు. ఫోర్కు ఖాళీ అయింది.

అప్పుడు నన్ను పిలిచాడు అర్జెంటు గారు. తలుపు వేసి కూర్చోమన్నాడు.

"చూడమ్మా, నువ్వు తెలివైనదానివి. మీ వదిన సంగతి వేరు, నీ సంగతి వేరు. ఫోర్కు చెకౌట్ చేసుకో. హోలు పెద్దది చెయ్యి. సాయంత్రానికి చెకిన్ చేసెయ్యి. ప్రదర్శనలో నీ కుర్చీ పక్కన నువ్వే నిలబడతావు."

"సరే సార్" అన్నాను. ఇంకేమంటాను?

నా బల్ల దగ్గరకొచ్చి ఫోర్కు చెకౌట్ చేసుకున్నాను. తెర మీద ఆ రంధ్రం కనబడుతోంది. దాని మీద రెండుసార్లు నొక్కి, ఒక అంకె మార్చితే చాలు, చిటికెలో పని. నా కుర్చీ బయటికొస్తుంది. ఆ అంకె వైపు చూస్తుంటే కింద ప్యాకింగ్‌లో అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్న మనిషే కళ్లముందు కనబడింది. కడుపు మండిపోయింది. ఇన్నేళ్లు ఈ గుమ్మం కాసిన మనిషిని ఒక్క పూటలో పెట్టెలు కట్టుకోమంటారా? నన్ను చెకౌట్ చెయ్యమన్నావు కదా నాయనా, చేశాను. ఇక చూసుకో.

సాయంత్రం ఆయన వచ్చాడు. "అయిందా?"

"చెకౌట్ చేశాను సార్."

"హోలు?"

"పాతదే."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఏంటీ నాటకాలు? వదినా మరదలూ కలిసి ఆడుతున్నారా?"

"మేమిద్దరం కలిసి ఒక కర్టెన్ గుడ్డ కూడా ఎంచుకోలేం సార్. ఇది నా సొంత ఆలోచన. కొత్త నంబరిస్తే ఇప్పుడే మార్చి ఇస్తాను. పాత నంబరు మీద మాత్రం ముట్టుకోను."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన నెట్‌వర్కు ఆయన్ని కేకేసి, నా చెకౌట్ రద్దు చేయించాడు. తెర మీద నా పేరు చెరిగిపోయింది. ఆయన ఇంకొకరికి చెప్పేందుకు ఇటు తిరిగాడో లేదో, అక్కడ వేరే పేరు పడింది. ట్రాలీల డిజైనరుది.

ఆ ట్రాలీలాయనకూ వదినకూ క్షణం పడదు. ఆవిడ పొదుగుతున్నావా అని అడిగేది ఎక్కువగా ఈయన్నే. కుర్చీలోంచి లేవకుండానే, "ఆ గయ్యాళి మనిషంటే నాకు మంట సార్. కానీ ఈ ఫోర్కు నా ట్రాలీలకీ ఉంది. మీద పడుకున్న రోగి దబ్బున కింద పడితే వాళ్లింట్లోవాళ్లు తిట్టేది మిమ్మల్ని కాదు, నన్ను" అన్నాడు.

అదీ రద్దు చేయించాడు. మూల బల్ల దగ్గర మంచాలు గీసే అమ్మాయి పేరు పడింది. ఆ అమ్మాయికి ఫోర్కుతో అసలు పనే లేదు. "ఎందుకమ్మా నీకు?" అంటే, "ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని" అంది. అర్జెంటు గారికి ఒళ్లు మండిపోయి నెట్‌వర్కు ఆయన మీద పడ్డాడు. "ఎవరూ తియ్యకుండా బిగించెయ్యి దాన్ని!"

"తాళం తియ్యమన్నారు, తీశానండి. వెయ్యడం నాకు రాదు, అది ఆవిడ పని" అన్నాడు నోట్లో నాలుక లేని ఆ మనిషి. రాక కాదని గదిలో అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే వదిన మెచ్చుకుంటుందనుకున్నాను. నా పిచ్చి గానీ! అంతెత్తున లేచింది.

"నిన్నెవరు చెయ్యమన్నారే? నా కుర్చీ పోయింది చాలదా? నీదీ పోతే ఇల్లెలా నడుస్తుందనుకున్నావు?"

"మీరు చేస్తే న్యాయం, నేను చేస్తే పొగరా?"

"నాది అలవాటైన పొగరు. నీకెందుకు?"

"మీ ఇంటికొచ్చాక నాకూ అంటుకుంది, ఏం చెయ్యమంటారు?"

మా ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి మధ్యలో నిలబడ్డాడు. అత్తయ్య రేడియో కట్టేసి, "ఈసారి నేను వినాలి, గట్టిగా అరవండి" అంది. దాంతో ఇద్దరం ఆగిపోయాం. వదిన లోపలికి వెళ్లి, మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"భయమేసిందా?" అని అడిగింది.

"వేసింది."

"నాకూ వేసింది" అంది. పెళ్లయి వచ్చాక ఆవిడ నాతో అలాంటి మాట అనడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది.

ఆ వారమంతా ఫోర్కు ఒకరి పేరునుంచి ఇంకొకరి పేరుకు తిరుగుతూనే ఉంది. చివరికి సంగతి పైవాళ్ల చెవిన పడింది. ఆసుపత్రివాళ్లను అడిగితే, కొత్త నంబరుతో పంపండి, పరీక్షించి చెప్తామన్నారు. అంతే! నోరు తెరిచి ముందే అడిగుంటే సరిపోయేది. పెద్ద హోలు ఫోర్కుకు కొత్త నంబరొచ్చింది గానీ, ప్రదర్శనకు నా కుర్చీ అందలేదు. ఫోర్కు చెకౌట్ చేసిన మా అందరికీ తలా ఒక మెమో అందింది. ట్రాలీలాయన ఆ మెమోను మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

వదినను మాత్రం ఊరికే వెనక్కి పిలవలేదు. పిలిచారు గానీ ఒక షరతు పెట్టారు. పనికి అడ్డుపడటం తన తప్పేనని ఒక కాగితం మీద రాసి సంతకం చెయ్యాలట. వదిన ససేమిరా అంది. "తప్పు చేసినవాళ్లు రాసుకోవాలి. నేను టేపు వంకర పోకుండా అంటించడం నేర్చుకుంటున్నాను, నాకు తీరికలేదు" అని కాగితం తిప్పి పంపేసింది.

అప్పుడు ఆ గుమ్మంలో కుర్చీ, అంటే వాల్టు చూసుకునే పని, నన్ను తీసుకోమన్నారు. ఆలస్యమైంది నా కుర్చీయే కాబట్టి, ఆ దెబ్బకు మెత్తబడి ఉంటానని అర్జెంటు గారి లెక్క. నేను వద్దన్నాను. ఇంటికొచ్చి వదినతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

"పిచ్చిదానా!" అంది వదిన. "నువ్వు వద్దంటే ఆ కుర్చీలో 'చిత్తం సార్' అనేవాడొచ్చి కూర్చుంటాడు. మనం ఇంత చేసింది అందుకేనా?"

"మీ చోట్లో నేను కూర్చుంటే మీకు బాధగా ఉండదా?"

"ఉంటుంది. ఇప్పుడే ఏడుపొస్తోంది. వెళ్లి కూర్చో."

వెళ్లి కూర్చున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ప్యాకింగ్‌నుంచి వదిన.

"ఇదిగో, పెట్టెలో పెట్టే ఫోము ముక్కలో గాడి తప్పుగా ఉంది, పరీక్షకు పోయే కొత్త ఫోర్కు లావు ఇరుసుతో పట్టట్లేదు. బొమ్మ సరిచేసి వెంటనే రిలీజ్ చెయ్యి. కింద లారీ నిలబడి ఉంది."

"మార్పు కావాలని అడుగుతూ వాల్టులో రాసి పెట్టండి వదినా. చూడాల్సినవాళ్లు చూశాక చేస్తాను."

"ఎవరితో మాట్లాడుతున్నావు నువ్వు? చిన్న గాడే, నా కళ్లతో చూసి చెప్తున్నాను!"

"చిన్నదైనా సరే."

"లారీ వెళ్లిపోతుందే!"

"వెళ్లనివ్వండి."

ఫోను ఠపీమని పెట్టేసింది. అర్జెంటు గారిని కాదనడానికి కూడా నేనంత భయపడలేదు. కాసేపటికి వదిన మెట్లెక్కి వచ్చింది. చీర కుచ్చిళ్లకు టేపు ముక్క అంటుకుని ఉంది. నా మొహం వైపు చూడకుండా, అందరూ వాడే కంప్యూటరు ముందు కూర్చుని, కీబోర్డు విరిగిపోయేంత గట్టిగా కొడుతూ రాసి పంపింది.

తెరిచి చదివాను. గాడి ఎంత జరగాలో రాసింది, ఎందుకో రాసింది. ఇప్పటికే కోసి పెట్టిన పాత ఫోము ముక్కలను ఏం చెయ్యాలో రాయలేదు. అది లేకపోతే ఆవిడైనా తిప్పి పంపేదే. తిప్పి పంపాను.

ఆవిడ తెర చూసింది. మొదటిసారి తలెత్తి నావైపు చూసింది. "ఊఁ" అంది. కుర్చీ ముందుకు లాక్కుని మళ్లీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది.